సిరా మరకకు అటువైపు

సైకాలజీ చదివే రోజుల్లో నాకు సిరా మరకల పరీక్ష మీద పిచ్చి పట్టుకుంది. దాన్ని తయారుచేసిన డాక్టరు చిన్నప్పుడు కాగితం మీద సిరా వేసి, మడిచి, విప్పి ఆడుకునేవాడట. పెద్దయ్యాక అలాంటి మరకలే రోగులకు చూపించి ఏం కనిపిస్తోందని అడిగాడు. పుస్తకం అచ్చయిన ఏడాదిలోపే, నలభై నిండకుండా పోయాడు. ఆయన మరకల కార్డులు కాలేజీలో మాకు ఇంటికిచ్చేవారు కాదు. అందుకని మా ఊరు పొందూరు వెళ్లినప్పుడు నేనే ఓ మరక చేసి పెద్దమ్మ ముందు పెట్టాను.

నన్ను పెంచింది పెద్దమ్మే. ఆమె, మా అమ్మ ఎదురెదురుగా కూర్చుని నూలు వడికేవారట. నా మూడో ఏట అమ్మ జ్వరంతో పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. ముఖం ఎలా ఉండేదని ఎన్నిసార్లు అడిగినా పెద్దమ్మ "బాగుండేది" అని పనిలో తల దూర్చేసేది. నాకు ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నం ఆమె చేతిలో వాలుగ చేప దవడ ఉంది. మా వాళ్లు దాని పళ్లతోనే పత్తి దువ్వుతారు.

"ఏటి కనపడతన్నాది?" అన్నాను.

"దవడ. పళ్లు సూడు. అటొకర్తి, ఇటొకర్తి కూకున్నారు."

పళ్లు కనిపించాయంటే లోపల కోపం ఉందని నోట్సులో గీకాను. ఇంగితం లేని చదువు.

"ఇటున్నది నేను. అటున్నది మీ యమ్మ. నూలు వడకట్లేదు. నీకేసే సూస్తన్నాది."

మడిచిన కాగితం, రెండు వైపులా ఒకేలా ఉండాలి. అటువైపు తల మాత్రం కాస్త తిరిగి ఉంది. నాకు భయం వేసింది. కాగితాన్ని తలకిందులుగా తిప్పి పెట్టాను.

"ఇప్పుడూ నీకేసే," అంది పెద్దమ్మ. దువ్వడం ఆపేసింది. "నిన్ను సూపించమని అడిగినాదే. జొరం నీకు తగులుతాదని నేను తలుపేసేసినాను. రెండ్రోజులు తలుపుకేసే సూసి పోనాది. దాని మొకం తలిస్తే నాకా సూపే కనపడతాది. నీకేటని సెప్పను?"

నేను అరిచాను. అనకూడని మాటలన్నాను. ఆమె మళ్లీ పత్తి దువ్వడం మొదలుపెట్టింది.

ఇప్పుడు విజయనగరంలో ఆ పరీక్ష నేనే చేస్తున్నాను. ఎవరేం చెప్పినా రాసుకుంటాను, తొందరపడి అర్థాలు తీయను. పెద్దమ్మ లేదు. ఆ కాగితం నా బీరువాలో ఉంది, నాకున్న అమ్మ ఫొటో అదొక్కటే. బీరువా తలుపు మాత్రం ఎప్పుడూ మూయను.