మూడో భాగంలోని పాటలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. రాయచూరులో ఏళ్ల తరబడి టైపు ఇన్‌స్టిట్యూటు నడిపినదాన్ని. కళ్లతో చూసి, సరిచూసుకుంటే తప్ప ఏదీ ఒప్పుకోను. అందుకే ఈ సంగతి రాయాల్సి రావడం నాకు కోపంగా ఉంది.

మా పాత కంప్యూటరు హార్డ్ డిస్కులోని జాగాను మూడు భాగాలుగా విడదీసింది నేనే. మూడో భాగంలో మా చెల్లెలు సరోజ పాడిన మంగళహారతులు ఉన్నాయి. సరోజ ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఆమె కూతురు పద్మకు పెళ్లి కుదిరింది. హారతి వేళకు అమ్మ పాటే కావాలంది.

రిపేరు చేసే బసవరాజు ఇంటికి వచ్చి స్క్రీను చూశాడు.

"రెండే ఉన్నయమ్మా. మూడోది ఉన్నట్టు మీరు అనుకుంటున్నరేమో."

"అనుకునుడేంది? నా చేతులతోని చేసిన. కనబడతలేదను, లేదనకు."

అతను డిస్కును బయటికి తీసి చూసి నవ్వాడు. "గాలాడే రంధ్రం నిండ కుంకుమనే ఉంది. దీనికి పేరంటం చేసిన్రా?"

అది సరోజ పని. ఆయుధపూజ నాడు నేను కంప్యూటరు డబ్బా తెరిచి దుమ్ము దులిపితే, లోపలి ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టేది. అరిచినా వినేది కాదు.

ఆ డిస్కు పోయినట్టేనని తేల్చి, బసవరాజు తన దగ్గరున్న వేరే డిస్కు తగిలించాడు. కంప్యూటరు ఆన్ చేసి టీకి వెళ్లాడు. నేను కోపంతో అక్కడే కూర్చున్నాను. కాసేపటికి స్క్రీను మీద మూడో భాగం కనిపించింది. తెరిస్తే సరోజ పేరుతో నేను పెట్టిన ఫోల్డరు ఉంది. నేను చూడనప్పుడు మా డిస్కునే మళ్లీ తగిలించి వెళ్లాడనుకున్నాను. పొద్దున కొత్తగా విప్పిన పెన్ డ్రైవులోకి పాటలన్నీ ఎక్కించుకున్నాను.

అతను రాగానే, "ఉందా లేదా, ఇప్పుడు చెప్పు" అన్నాను.

అతను స్క్రీను చూడలేదు. టేబులు మీద పేపరులో చుట్టి ఉన్న మా డిస్కును చూపించాడు. "దీనికి వైరే లేదు గదమ్మా."

అతని డిస్కంతా నా ఎదుటే వెతికాడు. అందులో ఉన్నది ఒక్కటే భాగం. పాటలు లేవు. పెన్ డ్రైవులో మాత్రం ఉన్నాయి.

చెల్లెలే వచ్చి ఇచ్చిపోయిందని బంధువులు అంటున్నారు. బతికుండగా మౌసు కూడా ముట్టని మనిషి ఇప్పుడొచ్చి ఫోల్డర్లు తెరుస్తుందా? నేనే ముందెప్పుడో పాటలు కాపీ చేసుకుని మరిచిపోయానని బసవరాజు అంటాడు. ఆ మాటకు ఇంకా ఒళ్లు మండుతుంది.

పెళ్లిలో హారతి కర్పూరం ఆరిపోయినా పద్మ పీటల మీది నుంచి లేవలేదు. "అమ్మ పాట ఇంకోసారి పెట్టు పెద్దమ్మా" అంది.

పెట్టాను. ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందని ఆమె అడగలేదు.