చిట్టమ్మ నడిచే బాట

ప్లానులో అక్కడ రోడ్డు లేదని శ్రీరామ్మూర్తి చిట్టమ్మకు మర్యాదగానే చెప్పాడు. రేవు పక్కన గోడౌన్లకు ప్రహరీ కట్టిస్తున్న ఇంజనీరు ఆయన. ఆ మర్యాద ఎవరికి కావాలి? గోడలో మిగిలిన సందు మూసేస్తే, చేపల గంపతో చిట్టమ్మ రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఆటో ఎక్కాలి. ఆమె కంచరపాలెం బజారు చేరేసరికి బేరాలు అయిపోతాయి. అరవై రెండేళ్ల మనిషికి అదొక్కటే బతుకుతెరువు.

ఆ సాయంత్రం, ద్వారకా నగర్ కోచింగ్ నుంచి వచ్చిన మనవరాలు దేవిశ్రీని పట్టుకుంది. "ఏటే, ఈ రోడ్డంటే? ఆ మాట ఎక్కడిది?"

దేవిశ్రీ ఫోన్లో వెతికింది. "ఇంగ్లీషోల్లది మామ్మా. మొదట్లో రోడ్డంటే దారి కాదంట, గుర్రమెక్కి స్వారీ పోవడమంట. ఊళ్ల మీదకి దాడికెళ్లినా అదే మాటంట. దారికి ఆ పేరొచ్చింది శానా ఏళ్ల తర్వాతంట."

"అదీ సంగతి! ఎక్కి తొక్కినోడి మాట కాయితంలో ఉంది. నడిసినోల్లది నేదు!"

చిట్టమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆమె తల్లి పోతమ్మ, ఆ పోతమ్మ అత్త నడిచి నడిచి పడిన బాట అది. ఏ గుర్రమూ దాన్ని తొక్కలేదు.

మర్నాడు పొద్దున్నే గంపతో సందు దగ్గరికి వెళ్లింది. వెనక పదకొండు మంది ఆడవాళ్లు. ఇంజనీరు అడ్డం నిలబడ్డాడు.

"రోడ్డు నేదన్నావు, ఒప్పుకుంతన్నాను బాబూ. రోడ్డు గుర్రాలోల్లది. ఇది బాట. మా కాళ్లది."

గంపను అతని కాళ్ల ముందే దించేసింది. వెనక పదకొండు గంపలూ దిగాయి. గంపలు అడ్డమై, గోడ పనికొచ్చిన సిమెంటు లారీలు ఆగిపోయాయి.

"తియ్యండమ్మా!" అని అరిచాడు శ్రీరామ్మూర్తి.

నిండు గంపను ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు, ఇంకొకరు చెయ్యి వెయ్యాల్సిందే. ఆడవాళ్లు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"నువ్వే ఎత్తు బాబూ," అంది చిట్టమ్మ.

లారీల హారన్లకు చెవులు చిల్లులు పడుతున్నాయి. శ్రీరామ్మూర్తి పళ్లు నూరుకుంటూ గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు. నీసు నీళ్లు చొక్కా అంతా కారాయి. అయినా కదలకుండా ఎదురుగానే నిలబడ్డాడు.

"ఎత్తినోల్లు మోసేవోల్లకి ఎదురు నిలబడకూడదు. మా రేవు కట్టుబాటు. తప్పుకో."

తప్పుకున్నాడు. చిట్టమ్మ సందు దాటి, వెనక్కి తిరక్కుండానే అంది: "ఇంకా పదకొండున్నాయి బాబూ. రేపు కూడా ఇదే టయానికి ఉండు."