తమ్ముడి చెయ్యి

మా తమ్ముడి చెయ్యి గురించి వీధి వీధంతా చెప్పుకునేది. వాడు గడ్డం గీస్తుంటే కుర్చీలో మనిషి గురక పెట్టేవాడు. మెడ మీద కత్తి ఉండగా నిద్రపోతున్నారంటే ఆ చేతి మీద ఎంత నమ్మకమో చూడండి. ఇంట్లో మాత్రం గ్లాసు కడగమంటే పగలగొట్టేవాడు, అది వేరే సంగతి.

సెలూన్ అంటే పొద్దు గూకేదాకా నిలబడే పని. ముప్పై అయిదేళ్లకే నడుము పట్టేసింది. డాక్టరు పది రోజులకని రాసిన నొప్పి మాత్రలు వాడు రెండేళ్లు మింగాడు. మొదట నొప్పికి, తర్వాత నొప్పి వస్తుందేమోనన్న భయానికి, ఆపైన అవి లేకపోతే మనిషి కాలేక. చిక్కి సగమయ్యాడు. మాట్లాడుతూనే తూగేవాడు. ఎప్పుడడిగినా ఒకటే పాట: "నాకేంటక్కా, బాగానే ఉన్నా." ఒకరోజు ఒక పెద్దాయన చెవి తెగి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత సెలూన్లో ఈగలు తోలుకోవడమే.

అప్పుడు నేను వెలగబెట్టిన ఘనకార్యం కూడా చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అద్దాల వెనక, పౌడరు డబ్బాలో, తువ్వాళ్ల మడతల్లో దాచిన మాత్రలన్నీ ఏరి మురుక్కాలవలో పోశాను. వాణ్ని మా ఇంటికి లాక్కొచ్చి, "రెండు రోజులు పళ్లు బిగపట్టు, అదే పోతుంది" అన్నాను. రెండో రోజుకి వాడు చెమటతో తడిసి ముద్దయి, వాంతులతో, కాళ్లు కొట్టుకుంటున్నాడు. నాటకాలనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. మా ఆయనే నా మాట లెక్కచెయ్యకుండా వాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఇది పొగరు కాదమ్మా, జబ్బు. ఒంటికి అలవాటైన మందు ఒక్కసారి ఆపేస్తే ఒళ్లు తిరగబడుతుంది. మేం చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గిద్దాం. మాత్ర మీరే ఇవ్వండి."

పారబోసిన చేత్తోనే రోజూ ఇచ్చాను. వాడు మింగి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూపించేవాడు. చూపించమని నేనెప్పుడూ అడగలేదు.

కత్తి పట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్లు రబ్బరు బుడగ ఊది, దానికి నురగ రాసి, పేలకుండా గీస్తారు. ఇరవయ్యేళ్లుగా కత్తి పట్టిన పనిమంతుడు మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టాడు. వంటింట్లో బుడగలు టపటపా పేలుతుంటే నేను ఆ ముక్కలు ఊడ్చేదాన్ని. నాలుగు నెలలు గడిచాక, ఒక వారమంతా ఒక్కటీ పేలలేదు. మర్నాడే సెలూన్ తలుపులు తీస్తున్నానని వాడు వీధంతా చెప్పేశాడు.

"ముందు నా గడ్డం గియ్యరా" అంటూ మర్నాడు మా ఆయన వెళ్లి సెలూన్ కుర్చీలో కూర్చున్నాడు. "మీ అక్క చేతిలో బతుకుతున్నవాణ్ని, నీ కత్తికి భయపడతానా?"

భయపడింది నేను. వాడు నురగ రాశాడు. కత్తి తెరిచి చెంప దాకా తెచ్చి ఆగాడు. నాకైతే వణుకేమీ కనిపించలేదు. వాడు కత్తి మడిచి పక్కన పెట్టేశాడు.

"ఇవాళ వద్దు బావా. పొద్దున్నుంచి మాత్రల మీదికే మనసు పోతోంది. నేను బాగాలేనక్కా."

మా ఆయన ఆ నురగతోనే లేచి వాణ్ని కావిలించుకున్నాడు. సెలూన్ తెరవడం ఇంకో నెల వెనక్కి పోతుందని తెలుసు. పోతే పోనీ. ఇన్నాళ్లలో వాడు నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. వాణ్ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, డాక్టరమ్మకి ఫోన్ చేశాను.