పొడుగు పేరు పట్టని ప్రోగ్రాం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను సౌదీలోని ఖమీస్ ముషైత్ ఊర్లో ఒక ఆస్పత్రి కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. మాది కడప. వార్డులకు మందుల చార్టులు పొద్దున్నే ప్రింట్ చేసే షెడ్యూలర్ ప్రోగ్రాం నా చేతికింద ఉండేది. ఏ పని ఎప్పుడు చెయ్యాలో చెప్పి, ఆ పనికొక పేరు పెడితే చాలు, టైముకు అదే చేసేది.

ఒకరోజు వార్డులో పనిచేసే భీమవరం వైపు నర్సమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, చార్టు రాలేదండి. ఏ వార్డుకీ రాలేదంట."

ప్రోగ్రాం ఆగిపోయి ఉంది. మళ్లీ నడిపితే మళ్లీ పడిపోయింది. వెతికితే, సౌదీ క్లర్కు ముందురోజు చేర్చిన పని ఒకటి కనబడింది. దానికి ఒక పేషెంటు పూర్తి పేరు పెట్టినాడు: సొంత పేరు, తండ్రిది, తాతది, వంశానిది, అన్నీ కలిపి. అది తీసేస్తే చార్టులు వచ్చినాయి.

మా మేనేజర్ సూడాన్ ఆయన. "పేర్లు పొట్టిగా పెట్టమను. అంతే, ఖలాస్," అన్నాడు.

నాకు మనసొప్పలేదు. పేరు పొడుగైతే వద్దని చెప్పాల గానీ, ప్రోగ్రాం చచ్చిపోవడమేంది? ఎవరూ వాడని మెషిన్‌లో అదే ప్రోగ్రాం పెట్టుకుని, పేరు ఒక్కో అక్షరం పెంచుతూ పోయినాను. మెమరీలో పేరుకని కొంత చోటే ఉంది. మిగిలిన అక్షరాలు పక్కకు పొర్లి, తర్వాత ఏం చెయ్యాలో ప్రోగ్రాం గుర్తుపెట్టుకునే చోటును చెరిపేస్తున్నాయి. అక్కడ కిటుకు తెలిసినవాడు తన ఆజ్ఞ దూర్చితే, ప్రోగ్రాం అదే చేస్తుంది.

అది చేసి చూపాలని కొన్ని వారాలు కుస్తీ పట్టి, మేనేజర్‌ను పిలిచినాను. పేరు గడిలో నేను అల్లిన అక్షరాల వరస పెట్టి ఎంటర్ నొక్కినాను. కంప్యూటర్‌లోని కాలిక్యులేటర్ దానంతటదే స్క్రీన్ మీద తెరుచుకుంది.

"ఇదెందుకొచ్చింది?"

"నేను రమ్మన్నాను కాబట్టి సార్. దొంగైతే కాలిక్యులేటర్‌ను పిలవడు. మందుల డోసులు మారుస్తాడు."

ఆయన మొహం మారిపోయింది. అక్కడికక్కడే ప్రోగ్రాం చేసిన కంపెనీకి ఫోన్ చేసినాడు. అంత పొడుగు పేర్లు ఎవరు పెడతారని అవతలి మనిషి అడిగినట్టున్నాడు.

"ఈ దేశంలో అందరూ!" అని అరిచినాడు మా మేనేజర్.

సరిచేసిన ప్రోగ్రాం కొన్నాళ్లకు వచ్చింది. దాన్ని కొన్నవాళ్లందరికీ కంపెనీ పంపిన నోటీసులో, తప్పు కనిపెట్టింది నేనని నా పేరు వేసినారు. మేనేజర్ దాన్ని పట్టుకుని నన్ను డైరెక్టర్ గదికి తీసుకపోయి, "మావాడే," అన్నాడు అరబీలో, నా భుజం మీద చెయ్యేసి. అట్లాంటప్పుడు వినయంగా తల వంచుకోవాలని నాకు తెలుసు. వంచుకోలేదు.