వెదురు కాదన్న గడ్డి

శ్రావణమాసం, రెండో శుక్రవారం, ఉదయం ఏడుంపావు. గంట ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఉక్కు ప్లాంటు డ్యూటీకి మా అల్లుడి స్కూటరు అప్పుడే సందు మలుపు తిరిగింది. అతను ఇంట్లో ఉంటే నన్ను ఆపేవాడు.

ఆ రోజుల్లో నేను చిన్నదాన్ని. నవ్వకండి. ఒంటికి అరవై రెండేళ్లే గాని, పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. కొత్తగా చదువొచ్చినవాళ్లకుండే పొగరు నిండా ఉండేది. (మేముండే ప్లాంటు బస్తీ, క్యాంప్ 2లో, బోర్డులన్నీ హిందీవే కాబట్టి నా తెలుగు చదువుని ఇంట్లోవాళ్లే భరించేవారు.) దానికి తోడు పాత పొగరు ఒకటి. మాది బుట్టలల్లే ఇల్లు. విజయనగరం వైపు నుంచి వచ్చాక కూడా ముప్ఫై ఏళ్లు ఇక్కడే చేటలూ తట్టలూ అల్లి అమ్మాను. వెదురు గురించి నాకు చెప్పగలవాడు పుట్టలేదనుకునేదాన్ని.

ఆ శుక్రవారానికి రెండ్రోజుల కిందట, అలాంటి నా ముందు మా మనవరాలు బుజ్జి, కాలేజీలో మొక్కల చదువు చదివే పిల్ల, జానెడు మొక్కున్న కుండీ పెట్టి, "అమ్మమ్మా, ఇది వెదురు" అంది.

"ఏటి, వెదురా? దీంతో చేట అల్లి చూపించు, ఒప్పుకుంటాను."

"గడ్డిలా మెత్తగా ఉండే వెదుళ్లూ ఉంటాయి అమ్మమ్మా. ఆకు పచ్చగా ఉంటాది కదా, ఆ పచ్చదనంలో డీఎన్ఏ అని అక్షరాలుంటాయి. అవి చదివితే ఏ వెదురుకి ఏది చుట్టమో తెలుస్తాది."

"ఎన్నక్షరాలే?"

"నాలుగే."

నాలుగా! నా చేత యాభై ఆరు దిద్దించారు. మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను. ఆ పచ్చదనం చాలావరకు తల్లి నుంచే పిల్లకి వస్తుందట, తండ్రి వాటా దాదాపు ఉండదట. ఆ ఒక్క ముక్కా నాకు నచ్చింది. మిగతాది నమ్మలేదు. శుక్రవారం పదింటికి ఆకులు కోసి మంచుడబ్బాలో కాలేజీకి తీసుకెళ్తానని, వాళ్ల మేడమ్ ఎక్కడి నుంచో తెప్పించిన మొక్క అదొక్కటేనని, పిల్ల ఏడాది చదువంతా దాని మీదే ఉందని కూడా చెప్పింది. విన్నాను. విని మరిచిపోయాను.

శుక్రవారం పూజకని వాకిలంతా శుభ్రం చేస్తూ వానకి మొలిచిన గడ్డి పీకాను. ఆ ఊపులో కుండీలో గడ్డి కూడా పీకేశాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? ఖాళీ కుండీలో మిరపనారు నాటి, పీకిన గడ్డంతా పక్కింటి దీదీ మేక ముందు పోశాను.

ఎనిమిదింటికి బుజ్జి బయటికొచ్చింది. కుండీ చూసింది. మిరపనారు చూసింది.

"అమ్మమ్మా, నా వెదురేదీ?"

"గడ్డే కదేటని పీకీసేను."

పిల్ల మెట్టు మీద కూలబడి మొహం కప్పుకుంది.

"దీదీ! బక్రీ పకడో!" అని అరిచాను.

పక్కింటి దీదీ కంగారుగా వచ్చి, "కా హోగే అమ్మా?" అని, ఏమైందో అడుగుతూనే మేక మెడ పట్టుకుంది. నేను గడ్డికుప్పలో కూర్చున్నాను. అంతా ఒకే పచ్చన. కళ్లకి ఏమీ తెలియలేదు. కళ్లు మూసుకుని ఒక్కొక్క పరకా తడిమాను. గడ్డాకు తొడుగులోంచి తిన్నగా వచ్చేస్తుంది. వెదురాకుకి మాత్రం మొదట్లో చిన్న తొడిమ ఉంటుంది. ముప్ఫై ఏళ్లు ఆకులు దూసిన వేళ్లకి అది తెలుసు. మేక నోటి పక్కనే, వేళ్లకి ఆ తొడిమ తగిలింది.

"ఇదిగోనే!" అన్నాను. మూడు కాడలు, వేర్లతో సహా.

బుజ్జి కళ్లు తుడుచుకుని, "ఎలా పోల్చేవు?" అంది.

"వెదురు నాకు తెలీదేటే?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. పిల్ల నవ్వింది. దీదీ ఏమీ అర్థం కాకపోయినా నవ్వింది.

మిరపనారు తీసేసి కాడలు మళ్లీ నాటాం. పదింటికి ఆకులు కాలేజీకెళ్లాయి. నెలల తర్వాత బుజ్జి వచ్చి చెప్పింది: చలికొండల మీద పెరిగే పెద్ద వెదుళ్ల కంటే ఈ గడ్డే నేను చేటలల్లిన వెదురుకి దగ్గర చుట్టమట, రెండిటికీ ఎప్పుడో ఒకే అమ్మమ్మట. ఆ కుండీ మీద ఇప్పుడు 'వెదురు' అని నా చేత్తో రాసిన చీటీ ఉంది. అది చూసినప్పుడల్లా, అప్పటి ఆ పొగరుమోతు చిన్నదాని మీద నాకు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

ఆ రోజు అక్కడున్నవాళ్లం: బుజ్జి, నేను, పక్కింటి దీదీ, ఆమె మేక, ఆ గడ్డి. తప్పు, ఆ వెదురు.