మిక్సీ వైరుకు గాజు తీగ

మెట్టుగూడలో మా ఇల్లు రైలు పట్టాల పక్కనే. ఓ ఆదివారం మిక్సీ వైరును చీల్చి, ఒక పాయ చుట్టూ వెంట్రుకంత సన్నటి గాజు తీగను, అంటే ఆప్టికల్ ఫైబర్‌ను, చుట్లు చుట్లుగా చుట్టాను. దాని కొసలను హాల్లో లాప్‌టాప్‌కు తగిలించిన లేజర్ పెట్టెకు కలిపాను. వైరులో కరెంటు పారితే తీగలోని వెలుగు మెలి తిరగాలి, హాల్లో లాప్‌టాప్ తెర మీద గీత లేవాలి.

“అమ్మా, మిక్సీ వెయ్!” అని హాల్లోంచి కేకేశాను.

గీత ఎగిరింది. నేను అంతకన్నా ఎత్తు ఎగిరాను. వంటింట్లోకి ఉరికి అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

“ఏందిరా ఈ ఎగురుడు? ఇప్పుడే కరెంటు పోయింది. మిక్సీ యాడ తిరిగింది?”

కిటికీ అవతల ఎంఎంటీఎస్ రైలు ఆఖరి పెట్టె దాటుతోంది. ఇల్లు అదిరి, తీగ అదిరి, గీత లేచిందన్నమాట! కరెంటు పోయినా బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్‌కు అది మిక్సీయో, రైలో ఏం తెలుస్తుంది? పడీపడీ నవ్వాను. అమ్మ కొంగు సర్దుకుని అడిగింది.

“మల్ల ట్రైన్ ఎప్పుడు? ఈసారి నేను సుత ఎగురుత.”