నానమ్మ ఎడమ చెయ్యి

నా చిన్నప్పుడు, మా గల్లీలోని ఒక పెళ్లింట్లో, పెళ్లికూతురి వేలి నుంచి ఒక నెత్తురు చుక్క ఆమె పసుపు చీర మీద పడింది. చుక్క చిన్నదే. కానీ అది పడ్డాక ఇంట్లో మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పెళ్లికూతురి చెయ్యి అప్పుడు మా పక్కింటి అక్క చేతిలో ఉంది. అక్క రెండో చేతిలో గోరు మొదట్లోని తోలు తీసే సన్నని కత్తెర ఉంది.

ముందుగా తేరుకున్నది పెళ్లికూతురి మేనత్త. "పట్నంల నేర్చుకొచ్చిందట, పట్నంల! శుభమా అని పసుపు పెట్టుకుంటే నెత్తురు కళ్ల జూపిచ్చింది. మొగన్ని ఇడిసి వచ్చినదాన్ని పెండ్లిపిల్ల ముంగట కూసోబెట్టొద్దని నేను ముందే జెప్పిన" అంది. "నాకేం గాలే అత్తా, జర తెగింది గంతే" అని పెళ్లికూతురు అన్న మాట పక్కనే ఉన్న నాకు తప్ప ఎవరికీ వినపడినట్టు లేదు. అక్క తన సామాన్లు రేకు పెట్టెలో వేసుకుని లేచింది. నేనూ వెనకాలే వచ్చేశాను. దారి పొడుగునా ఆమె కుడి చెయ్యి వణుకుతూనే ఉంది. పెట్టెను చంకలో ఇరికించుకుని, ఎడమ చేత్తో ఆ చేతిని పట్టుకుని నడిచింది.

ఆమెను న్యాల్‌కల్ దాటి, కర్ణాటక వైపున్న ఒక ఊరికి ఇచ్చారు. అక్కడ ఏం జరిగిందో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. మోచేతి పైన ఉన్న మచ్చలు మాత్రం, జాకెట్టు చేతులు ఎంత పొడుగ్గా కుట్టించుకున్నా, నీళ్లు తోడేటప్పుడు కనిపించేవి. జహీరాబాద్‌లో అన్న ఇంటికి తిరిగి వచ్చాక కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఒక బంధువుల ఇంట్లో ఉండి పార్లర్ పని నేర్చుకుంది. వచ్చి అన్న ఇంటి ముందు గదికి పరదా కట్టి, ఒక అద్దం, రెండు కుర్చీలు వేసింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడవాళ్ల పార్లర్ అంటే వింత. కనుబొమ్మలకు దారం పెట్టించుకోవడానికి కొంగు కప్పుకుని వచ్చేవారు. గోళ్ల సంగతి చెబితే నవ్వేవారు. "గోర్లు తీయనీకి గూడ దుకాణమా? మా ఇంట్ల బ్లేడు లేదా ఏంది?" అనేవారు.

అక్కకు అన్నిట్లోకి ఇష్టమైన పని గోళ్లదే. ఒకరి చేతిని తన చేతిలోకి తీసుకుని, గోరువెచ్చని సబ్బు నీళ్లలో నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్కొక్క వేలినీ సరిచేస్తుంటే ఆమె ముఖం వేరుగా ఉండేది. తన చేతుల్లో ఇంకొకరి చేయి భయం లేకుండా ఉండటం ఆమెకు కొత్త అని నేను పెద్దయ్యాక అనుకున్నాను.

ఆమె అన్న చెడ్డవాడు కాడు. కానీ ఒక రోజు గడప మీద నిలబడి గల్లీ అంతా వినేలా చెప్పాడు. "నీ పార్లర్ నడిస్తే ఉండు చెల్లె, నేనొద్దంటనా? నడవకుంటే మాత్రం మీ అత్తగారింటికి పోవుడే. అందరికి జవాబు చెప్పుకుంట నేను బతకలేను." అందుకే ఆ పెళ్లి ఆమెకు అంత ముఖ్యమైంది. అక్కకు దొరికిన మొదటి పెళ్లికూతురు ఆ పిల్లే. అది బాగా జరిగితే ఆ మాఘమాసంలో మిగతా పెళ్లిళ్లు కూడా వచ్చేవి.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. మా వైపు పెళ్లికి ముందు పసుపు పెట్టాకే గోళ్లు తీస్తారు. మంగలి వచ్చి, కత్తి గోటికి ఆనించి, ఆనవాయితీ కానిచ్చి వెళ్లాడు. మిగతా పని అక్కది. ఆమె నేర్చుకున్నది కడిగిన చేతుల మీద. ఇక్కడ పెళ్లికూతురి చేతులు నూనె, పసుపుతో ముద్దగా ఉన్నాయి. గోరు, తోలు, కండ, అన్నీ ఒకే పసుపు రంగు. కడగమంటే పెట్టిన పసుపు కడుగుతారా అని కొడతారు. కనబడటం లేదని చెప్పడానికి అక్కకు నోరు రాలేదు. తోలు అనుకుని కండ కత్తిరించింది.

ఆ తర్వాత ఆమె పరదా దించేసింది. ఎవరైనా పిలిస్తే ఒంట్లో బాగాలేదని లోపలి నుంచే చెప్పేది. రెండు గోడల అవతల నుంచి మా నానమ్మ ఇదంతా వింటూనే ఉంది.

మాకు రాయికోడ్ దగ్గర కొంచెం భూమి ఉండేది. ఆ ఏడు తవ్విన అల్లం వసారాలో కుప్ప పోసి ఉంది. కొంత అమ్మకానికి పోగా మిగిలిన దాన్ని నానమ్మ గీకి, ఎండబెట్టి శొంఠి చేసేది. అల్లాన్ని చాకుతో గీకితే కండ పోతుంది, ఘాటంతా తోలు కిందనే ఉంటుంది కాబట్టి మా ఇంట్లో వెదురు బద్దతో గీకేవారు. నానమ్మ నన్ను పంపి అక్కను పిలిపించింది. పెట్టె కూడా తెమ్మంది.

"జర కూసో బిడ్డా. నా కండ్లు మంచిగ కనబడ్తలేవు. గీ అల్లం గీకి పెట్టు."

"నాతోని గాదు అవ్వా. చెయ్యి వణుకుతున్నది."

"వణికితే వణకని. మనిషిని గీకుమన్ననా? తెగితే చాయల ఏసుకుంట" అని నానమ్మ ఆ రేకు పెట్టె తానే తెరిచింది. అందులో గోటి తోలును వెనక్కి నెట్టే చిన్న చెక్కపుల్ల ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది నా వెదురుబద్ద లెక్కనే ఉన్నది. గింత దానికి పట్నందాక పోయినవా?" అని నవ్వింది. అక్క కూడా, చాలా రోజుల తర్వాత, పెదవి కదిలించింది.

అల్లం కొమ్ముకు వేళ్లుంటాయి, కణుపులుంటాయి. తోలూ కండా దాదాపు ఒకే రంగు. అక్క మొదటి రోజు గీకిన అల్లం నిజంగానే చాయలోకి పోయింది. మర్నాడు నానమ్మ, "కండ్లతోని ఎందుకు చూస్తున్నవ్? బొటనవేలుతోని చూడు. తోలు జారుతది, కండ జారది" అంది. ఆ తర్వాత అక్క తల ఎత్తి, నాతో మాట్లాడుతూ గీకడం చూశాను. కొమ్ము మీద ఒక గాటు కూడా ఉండేది కాదు. వసారా అంతా అల్లం వాసన. ఆమె వణుకు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. బహుశా ఆమె కూడా గమనించి ఉండదు.

కుప్ప అయిపోయిన రోజు నానమ్మ తన కుడి చేతికి నూనె రాసుకుంది. దాని మీద పసుపు ముద్ద పూసుకుంది. పెళ్లికూతురికి పూసినట్టే, గోళ్లు కనబడకుండా. ఆ చేతిని అక్క ఒడిలో పెట్టింది.

అక్క వెనక్కి జరిగింది. "అల్లం ఏడ్వదు గద అవ్వా."

"నేను గూడ ఏడ్వ. నా ఏడ్పులు ఎప్పుడో అయిపోయినయి."

వంటింట్లోంచి మా అమ్మ పరుగున వచ్చింది. నానమ్మకు షుగర్ ఉంది. అంతకు ముందు ఏడాది కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ మానక, నెలల తరబడి దవాఖాన చుట్టూ తిరిగారు. "అత్తమ్మా, నీకేమన్న తెలుస్తున్నదా? జర తెగినా మానుతదా నీకు?" అంది అమ్మ. అక్క ఆ మాట విని చేతులు కొంగులో దాచుకుంది. నానమ్మ మాత్రం చేతిని తీయలేదు. "దవాఖాన యాడికి పోతది? ఆన్నే ఉన్నది గద. నువ్వు పోయి పప్పు చూసుకో, అడుగంటుతున్నది" అంది. తర్వాత గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి గురక కూడా మొదలైంది.

నిద్రపోతున్న ముసలామె చేతిని ఎంతసేపని ఒడిలో అలా ఉంచుకుంటుంది? అక్క మెల్లగా చెక్కపుల్ల తీసింది. బొటనవేలితో తడుముతూ, ఒక్కొక్క వేలి దగ్గరా ఆగుతూ, తోలు నెట్టి, కత్తెరతో తీసింది. నేను నానమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను కాబట్టి నాకు ఇంకొకటి కనబడింది. గురక సాగుతూనే ఉంది గానీ, చీర అంచు కింద ఆమె కాలివేళ్లు ముడుచుకుని చాపను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కత్తెర చప్పుడైనప్పుడల్లా ఇంకా బిగుసుకునేవి. చేయి మాత్రం అల్లం కొమ్ములా మెత్తగా, కదలకుండా ఉంది. భయమంతా ఆమె కాళ్లలోకి పంపించుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు.

చుక్క నెత్తురు రాలేదు. పసుపు కడిగి చూస్తే పొలంలో పనిచేసిన ఆ ముతక వేళ్ల చివర గోళ్లు శుభ్రంగా, గుండ్రంగా ఉన్నాయి. నానమ్మ కళ్లు తెరిచి, "అయిపోయిందా? నాకు నిద్ర పట్టింది పో" అంది. అక్క ఏడుస్తూ నవ్వింది. "ఎడమ చెయ్యి రేపు చేస్త అవ్వా. ఇయ్యాలటికి గిది చాలు" అని వెళ్లింది. ఆ సాయంత్రం పార్లర్ పరదా పక్కకు జరిపి ఉంది.

మర్నాడు పొద్దున కబురు వచ్చింది. ఆ పెళ్లికూతురిని చేసుకున్నవాడు లారీ నడిపేవాడు. బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి దగ్గర లారీ బోల్తా పడింది. మనిషి బతికాడు గానీ కాలు తీసేశారు. మధ్యాహ్నానికల్లా గల్లీలో అందరూ నెత్తురు చుక్క గురించే మాట్లాడుకున్నారు. ఆ మేనత్త మా వాకిట్లోనే నిలబడి, "నేను జెప్పలేదా?" అని వచ్చేపోయే వాళ్లందరినీ అడిగింది. నానమ్మ బయటికి వచ్చి, "లారీ ఈ పిల్ల నడిపిందా?" అని ఒక్క మాట అంది. మేనత్త పక్క వాకిట్లోకి నడిచి అక్కడా అదే అడిగింది.

ఆ మాఘంలో ఏ పెళ్లింటి నుంచీ పిలుపు రాలేదు. కనుబొమ్మలకు వచ్చేవారు కూడా మానేశారు. అక్క చేతికి పనితనం తిరిగి వచ్చింది. వణుకు పోయింది. ఆ చేతిలో పెట్టడానికి మాత్రం ఊళ్లో ఒక్క చెయ్యి దొరకలేదు. నానమ్మ ఎడమ చెయ్యి ఇస్తానంది. రోజూ పిలిచింది. అక్క రాలేదు. ఇంకెవరికైనా ఏదైనా జరిగితే అది కూడా తన మీదికి వస్తుందని భయపడిందేమో.

మాఘం వెళ్లాక అన్న అన్నంత పనీ చేశాడు. అత్తగారి ఊరి నుంచి మనుషులు వచ్చారు. అక్క పెద్ద సంచి ఏదీ తీసుకోలేదు. ఆ రేకు పెట్టెను మాత్రం రెండు చేతులతో పట్టుకుని బీదర్ బస్సు ఎక్కింది. నానమ్మ బస్టాండు దాకా వచ్చి, కిటికీలోంచి తన ఎడమ చెయ్యి లోపలికి చాపింది. అక్క దాన్ని పట్టుకుంది. బస్సు కదిలేదాకా పట్టుకునే ఉంది. అంతకు మించి నానమ్మ చేయగలిగింది ఏమీ లేదు. ఇంటికి వచ్చాక ఆమె అల్లం ఊసెత్తలేదు. ఆ తర్వాత ఏ ఏడూ మా ఇంట్లో శొంఠి చేయలేదు.

ఇప్పుడు మా ఊళ్లో పార్లర్లకు కొదవ లేదు. గోళ్ల మీద పూలు, రాళ్లు అతికించేవి కూడా ఉన్నాయి. మా తమ్ముడి కూతురు అలాంటి ఒక చోట పని నేర్చుకుంటోంది. ఈమధ్య ఎవరిదో వేలు తెగిందని, ఇక ఆ పని తనవల్ల కాదని ఇంటికి వచ్చి పడుకుంది. నాకూ ఇప్పుడు షుగరే. ఆ పిల్ల ముందు కూర్చుని చెయ్యి చాపి కళ్లు మూసుకున్నాను. నిద్ర రాలేదు. చెప్పుల్లో నా కాలివేళ్లు ముడుచుకున్నాయి. చేతిని మాత్రం వదులుగా ఉంచాను. ఒక చెయ్యి పూర్తయ్యాక, "మిగిలింది రేపు చేస్త అత్తా" అంది. నేను ఒప్పుకోలేదు. "రెండోది గూడ ఇయ్యాలనే చెయ్యి" అన్నాను. ఆ పిల్ల ఎందుకని అడిగింది. నేను ఎడమ చెయ్యి చాపాను.

పత్రికలో పనిచేసే రోజుల్లో, ఆ పని మీద బీదర్ వైపు వెళ్లినప్పుడల్లా న్యాల్‌కల్ అవతలి ఆ ఊళ్లో ఆగి అడిగేదాన్ని. ఆ ఇల్లు ఉంది. అక్కడ ఇప్పుడు ఉంటున్న వాళ్లు వేరే. అక్క ఎప్పుడు వెళ్లిపోయిందో, ఎక్కడికి వెళ్లిందో, ఉందో లేదో ఎవరూ సరిగా చెప్పలేదు. బస్సు దిగాక ఆ పెట్టె మళ్లీ తెరిచిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.